స్టోమా పక్కన హెర్నియాకు ల్యాప్రోస్కోపీ ఆపరేషన్: ముందు ఏం తేల్చుకోవాలి, లోపల ఏం చేస్తారు, ఇంటికొచ్చాక ఎలా ఉండాలి

పొట్ట మీద స్టోమా (మలమో మూత్రమో బయటికి వచ్చేలా పేగును చర్మం మీదికి తెచ్చి పెట్టే ద్వారం) పెట్టాలంటే కండరంలో దారి చేయక తప్పదు. దగ్గినా, బరువెత్తినా, ముక్కినా పొట్టలోని ఒత్తిడి ఆ బలహీనమైన చోటునే తోస్తుంది. దారి కొద్దికొద్దిగా సాగుతుంది. అప్పుడు స్టోమా పేగు పక్కనుంచి ఇంకో పేగు మడతో, లోపలి కొవ్వు పొరో చర్మం కిందికి జారి ఉబ్బుగా కనిపిస్తుంది. దీన్నే పారాస్టోమల్ హెర్నియా అంటారు. పొట్టను పెద్దగా కోయకుండా, చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చూస్తూ దీన్ని సరిచేసేదే ల్యాప్రోస్కోపీ ఆపరేషన్. యూరోపియన్ హెర్నియా సొసైటీ మార్గదర్శకాల లెక్కలో స్టోమా పెట్టిన ఏడాదికి 30 శాతానికి పైగా, రెండేళ్లకు 40 శాతం మందిలో ఇది ఉంటుంది. ఇంకా ఎక్కువ కాలం గమనిస్తే సగం మందిలో కనిపిస్తుంది. అంటే మీరేదో జాగ్రత్త తప్పారని వచ్చిన జబ్బు కాదు, ఆ నింద మీ మీద వేసుకోకండి.

రెక్టమ్ క్యాన్సర్‌కు మలద్వారంతో సహా తీసేసి, ఎడమవైపు శాశ్వత కొలాస్టమీ (పెద్దపేగుతో పెట్టే స్టోమా) పెట్టినవారిని ముందుంచుకుని ఇది రాస్తున్నాం. ఇలియోస్టమీ (చిన్నపేగుతో పెట్టేది), యూరోస్టమీ (మూత్రం కోసం పెట్టేది) ఉన్నవారికి తేడా వచ్చే చోట విడిగా చెబుతాం.

ముందు ఆపరేషన్ కావాలా అన్నది తేల్చుకోండి

ఉబ్బు కనిపించిన ప్రతి ఒక్కరికీ ఆపరేషన్ అక్కర్లేదు. నొప్పి లేదు, బ్యాగు నిలుస్తోంది, మలం సాఫీగా వస్తోంది అంటే స్టోమా బెల్టుతో ఏళ్ల తరబడి నెట్టుకురావచ్చు. బెల్టు కట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. పొద్దున లేవకముందే, వెల్లకిలా పడుకుని, ఉబ్బు లోపలికి వెళ్లేదాకా ఆగి, అప్పుడు కట్టుకోవాలి. నిలబడి కడితే జారిన పేగును బయటే ఉంచి బిగించినట్టవుతుంది.

బ్యాగు రోజూ ఊడి చర్మం పుండవుతున్నా, పదేపదే పేగు అడ్డుపడి కడుపునొప్పి, వాంతులు వస్తున్నా, నెలనెలకూ సైజు పెరుగుతున్నా సర్జన్‌ను కలవండి. స్టోమాలోకి నీళ్లు ఎక్కించి పేగు శుభ్రం చేసుకునే అలవాటు ఉంటే హెర్నియా కనిపించిన రోజే ఆపేయండి. వంకర తిరిగిన పేగుకు గొట్టం గుచ్చుకుని చిల్లు పడే ప్రమాదం ఉంది.

ఈ లక్షణాలుంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి: ఉబ్బు గట్టిపడి పడుకున్నా లోపలికి పోకపోవడం, స్టోమా నుంచి గాలీ మలమూ ఆగిపోయి వాంతులు మొదలవడం, స్టోమా రంగు ఊదాకో నలుపుకో తిరగడం. ఆ పరిస్థితిలో చేసే ఆపరేషన్‌కూ, తీరిగ్గా సిద్ధపడి చేయించుకునేదానికీ చాలా తేడా.

ఇంకో మాట. మీది తాత్కాలిక స్టోమా అయితే హెర్నియా రిపేరు గురించి అడిగే ముందు "స్టోమానే మూసేయొచ్చా?" అని అడగండి. పేగును లోపల కలిపేసి ఆ దారి కుట్టేయడమే అన్నిటికన్నా మంచి మార్గం. స్టోమాను ఇంకో చోటికి మార్చేస్తే పోతుందని కొందరు చెబుతారు. కొత్త చోట మళ్లీ హెర్నియా రావచ్చు, పాత చోటి మచ్చలోనూ రావచ్చు. వేరే కారణం లేకుండా దానికి ఒప్పుకోకండి.

పరీక్షలు

సర్జన్ మిమ్మల్ని నిలబెట్టి, బ్యాగు తీసి, దగ్గించి చూడాలి. పడుకోబెట్టి మాత్రమే చూస్తే చిన్న హెర్నియా తప్పిపోతుంది. తర్వాత పొట్ట సీటీ స్కాన్. స్కాన్ తీసేటప్పుడు ఊపిరి బిగబట్టి ముక్కమంటే నిజంగానే ముక్కండి, లోపలికి పోయిన పేగు అప్పుడే బయటపడుతుంది. రిపోర్టులో మూడు విషయాలు ఉన్నాయో లేదో చూసుకోండి. కండరంలో దారి ఎన్ని సెంటీమీటర్లు, హెర్నియా సంచిలో ఏముంది, పాత ఆపరేషన్ మచ్చలో ఇంకో హెర్నియా ఉందా. 5 సెం.మీ. లోపు, ఆపైన అని రెండుగానూ, మధ్యగీత మచ్చలో హెర్నియా ఉన్నదీ లేనిదీ అని మళ్లీ రెండుగానూ విడదీసి, మొత్తం నాలుగు రకాలుగా లెక్కవేస్తారు. మచ్చలోనూ హెర్నియా ఉంటే రెంటినీ ఒకేసారి కప్పేలా ప్లాన్ మారుతుంది. క్యాన్సర్‌కు ఆపరేషన్ అయినవారు స్టోమా ద్వారా చేసే కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు పరీక్ష) బాకీ ఉంటే ముందే పూర్తి చేసుకోవాలి. మెష్ (హెర్నియా దారిని కప్పే వల) పెట్టిన నెలకే క్యాన్సర్ తిరగబెట్టిందని తెలిస్తే చేసిన పనంతా వృథా.

మెష్ ఎలా వేస్తారో అడగండి

చాలామంది "కోత పెడతారా, రంధ్రాలతో చేస్తారా" అనే అడుగుతారు. చిన్న రంధ్రాలతో చేస్తే గాయం చిన్నది, నొప్పి తక్కువ, ఇంటికి త్వరగా వెళ్తారు. హెర్నియా తిరిగి వస్తుందా రాదా అన్నది మాత్రం ఎక్కువగా లోపల మెష్ పరిచే తీరు మీద ఆధారపడుతుంది. సర్జన్‌తో మాట్లాడే పది నిమిషాల్లో ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి.

మెష్ లేకుండా కుట్లతో దారిని బిగించడం పాత పద్ధతి. తిరిగి వచ్చేది ఎంత ఎక్కువంటే, తీరిగ్గా చేసే ఆపరేషన్లలో అది వద్దని యూరోపియన్ మార్గదర్శకాలు సూటిగానే చెప్పాయి.

ల్యాప్రోస్కోపీలో మెష్ వేసే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది కీహోల్. మెష్ మధ్యలో రంధ్రం చేసి, ఒక పక్క చీల్చి, పేగు చుట్టూ కాలర్‌లా తొడుగుతారు. (మామూలు ల్యాప్రోస్కోపీనీ పత్రికల్లో కీహోల్ సర్జరీ అంటారు. ఇక్కడ కీహోల్ అంటే మెష్ ఆకారం. డాక్టరు ఏ అర్థంలో వాడుతున్నారో అడిగి తెలుసుకోండి.) ఇబ్బంది ఆ రంధ్రంతోనే. బిగుతుగా చేస్తే పేగును నొక్కుతుంది, వదులుగా చేస్తే సందు మిగులుతుంది. మెష్ ముడుచుకునే కొద్దీ రంధ్రం ఇంకా పెద్దదవుతుంది, హెర్నియా ఆ సందులోంచే మళ్లీ వస్తుంది.

రెండోది షుగర్‌బేకర్ పద్ధతి. అమెరికన్ సర్జన్ పాల్ షుగర్‌బేకర్ 1980లలో కోతపెట్టి చేసే ఆపరేషన్‌గా దీన్ని వివరించారు, తర్వాత ల్యాప్రోస్కోపీకి అనువుగా మార్చారు. ఇందులో మెష్‌కు రంధ్రం ఉండదు. స్టోమాకు వెళ్లే పేగును పొట్ట పక్క గోడవైపు జరిపి, గోడకు ఆనించి, దాని మీదుగా మెష్‌ను పరుస్తారు. పేగు నేరుగా బయటికి రాకుండా మెష్‌కూ గోడకూ మధ్య కనీసం 5 సెం.మీ. పక్కగా నడిచి స్టోమాను చేరుతుంది. పొట్టలో ఒత్తిడి పెరిగినప్పుడు మెష్ ఆ పేగును గోడకే అదుముతుంది, ఇంకో మడత జారడానికి దారి దొరకదు.

2015లో వచ్చిన ఒక సమీక్షలో ల్యాప్రోస్కోపిక్ షుగర్‌బేకర్ తర్వాత హెర్నియా తిరిగి వచ్చినవారు సుమారు 10 శాతం, కీహోల్ తర్వాత సుమారు 28 శాతం. యూరోపియన్ మార్గదర్శకాలూ రంధ్రం లేని మెష్ వైపే మొగ్గాయి. మీ సర్జన్ కీహోల్ అంటే కారణం అడగండి. న్యాయమైన కారణాలు ఉంటాయి. పేగు పొట్టిగా ఉండి పక్కకు జరగకపోవచ్చు. యూరోస్టమీలో మూత్రనాళాలు కుట్టిన పేగు ముక్కను ఎక్కువ లాగితే రక్తప్రసరణ దెబ్బతినొచ్చు. గరాటు ఆకారంలో ముందే తయారై వచ్చే పీవీడీఎఫ్ (ఒక రకం ప్లాస్టిక్) మెష్ వేసే సర్జన్లూ ఉన్నారు. కారణం చెప్పకుండా "అన్నీ ఒకటేనమ్మా" అంటే ఇంకో సర్జన్ అభిప్రాయం తీసుకోండి.

సైజు లెక్క మీరే వేసుకోవచ్చు. దారి అంచు నుంచి ప్రతి వైపూ మెష్ కనీసం 5 సెం.మీ. దాటాలి. దారి 6 సెం.మీ. ఉంటే 6, దానికి రెండు పక్కలా ఐదైదు, మొత్తం 16. అంటే 15×15 సెం.మీ. మెష్ సరిపోదు, దాని పై సైజు కావాలి. మెష్ రకం కూడా ముఖ్యం. మామూలు గజ్జల హెర్నియాకు వాడే పాలీప్రొపిలీన్ మెష్‌ను పేగుకు నేరుగా తగిలేలా వేస్తే అతుక్కుపోయి, కాలక్రమంలో పేగును కొరికి ఫిస్టులా (పేగు నుంచి ఉండకూడని దారి) చేయగలదు. అందుకే పేగు వైపు అతుక్కోని పొర ఉన్న కాంపోజిట్ మెష్ గానీ, ఈపీటీఎఫ్ఈ, పీవీడీఎఫ్ వంటి ప్లాస్టిక్ మెష్ గానీ వాడతారు. వీటి ధర ఎక్కువ. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకునేవారు ఏ ప్యాకేజీలో వస్తుంది, ఏ మెష్ ఇస్తారు అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను చేరకముందే అడగాలి. ప్రైవేటు బీమా ఉంటే మెష్, ట్యాకర్ (మెష్‌ను గోడకు బిగించే చిన్న పిన్నులు) ఖర్చు కలిసుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

కండరపు పొరల మధ్యలో మెష్ పెట్టి షుగర్‌బేకర్ చేసే రోబోటిక్ పద్ధతి కూడా వచ్చింది. మెష్ పేగుల గుంపుకు తగలదన్నది దాని లాభం. పెద్ద హెర్నియాలకు, మచ్చలో హెర్నియా కలిసున్నవాటికి ఆలోచిస్తారు. సమయం, ఖర్చు ఎక్కువ.

ఆపరేషన్‌కు ముందు వారాలు

సిగరెట్, బీడీ, చుట్ట, గుట్కా ఏదైనా కనీసం 4 వారాల ముందు పూర్తిగా ఆపాలి. తగ్గించడం లెక్కలోకి రాదు. నికోటిన్ రక్తనాళాలను ముడిచి గాయం మానకుండా చేస్తుంది. పొగ తెచ్చే దగ్గు కొత్త మెష్ మీద ఎప్పటికప్పుడు దెబ్బ వేస్తుంది. షుగర్ ఉన్నవారు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 8 లోపు తెచ్చుకోవాలి. బాగా లావుగా ఉంటే రెండు మూడు నెలలు వాయిదా వేసి బరువు తగ్గడం ఉత్తమం. పొట్ట లోపల కొవ్వు ఎక్కువుంటే మెష్ పరచడానికి చోటు దొరకదు, తర్వాత ఒత్తిడీ ఎక్కువే. పాత దగ్గు, ఆస్తమా, ప్రోస్టేట్ వల్ల ముక్కి మూత్రం పోయాల్సి రావడం, మలబద్ధకం, ఇవన్నీ ముందే సరిచేయించుకోండి.

వాడే మందులన్నీ కాగితం మీద రాసి ఇవ్వండి. క్లోపిడోగ్రెల్, ఎసిట్రోమ్ వంటి రక్తం పలచబరిచే మందులు, డాపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మాత్రలు ఎన్ని రోజుల ముందు ఆపాలో మత్తు డాక్టరు చెబుతారు. డాపాగ్లిఫ్లోజిన్ సాధారణంగా 3 రోజుల ముందు ఆపుతారు. మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు.

మీరు వాడే బ్యాగులు, ప్లేట్లు (బ్యాగు కింద చర్మానికి అంటించేవి) ఐదారు జతలు, స్టోమా సైజు చూసే కొలత కార్డు, కత్తెర వెంట తీసుకెళ్లండి. చాలా ఆసుపత్రుల్లో మీ సైజు దొరకదు. పారదర్శక బ్యాగులే తీసుకోండి, మొదటి రోజుల్లో స్టోమా రంగు కనబడాలి. పొట్ట మీద వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో గీసుకోకండి. కంటికి కనబడని గాట్లలోంచే ఇన్ఫెక్షన్ మెష్‌కు చేరుతుంది. అవసరమైతే ఆసుపత్రిలో క్లిప్పర్‌తో తీస్తారు.

ఆపరేషన్ బల్ల మీద

పూర్తి మత్తు ఇస్తారు. పాత ఆపరేషన్ వల్ల లోపల అతుకులు తక్కువుంటే రెండు మూడు గంటలు, ఎక్కువుంటే ఇంకా పడుతుంది. మత్తు ఇచ్చేటప్పుడే యాంటీబయాటిక్ ఇచ్చి, స్టోమా మీద గాజుగుడ్డ పెట్టి అంటుకునే పారదర్శక షీటుతో మూసేస్తారు. మలం మెష్‌కు తగలకూడదు కాబట్టి. పేగు ఎటు పోతోందో పోల్చుకోవడానికి స్టోమాలోకి మెత్తటి ఫోలీ గొట్టం పెట్టడం కూడా ఉంది. యూరోస్టమీలో ఇది బాగా పనికొస్తుంది.

స్టోమా ఎడమవైపు ఉంటే రంధ్రాలు కుడి పక్కన పెడతారు: కెమెరాకు ఒకటి, పరికరాలకు రెండు, 5 నుంచి 12 మి.మీ. సైజువి. పొట్టను కార్బన్ డయాక్సైడ్‌తో 12 నుంచి 15 మి.మీ. పాదరసం ఒత్తిడికి ఉబ్బిస్తారు. ఆ తర్వాత వచ్చేది ఈ ఆపరేషన్‌లో అతి ప్రమాదకరమైన భాగం. పాత ఆపరేషన్ వల్ల పేగులు పొట్ట గోడకు అతుక్కుని ఉంటాయి. వాటిని కత్తెరతోనే, కరెంటు వాడకుండా విడదీయాలి. కరెంటు వేడి పేగు గోడను కాల్చితే ఆ క్షణంలో కనబడదు, రెండు మూడు రోజులకు చిల్లు పడుతుంది. ఏది స్టోమా పేగు, ఏది జారిన పేగు అన్నది తేలాకే ముందుకు వెళ్తారు.

పొరపాటున పేగుకు చిల్లు పడి లోపలిది ఒలికితే మంచి సర్జన్ చిల్లు కుట్టి, ఆ రోజుకు మెష్ పెట్టకుండా ఆపేస్తారు. అవసరమైతే పొట్ట తెరుస్తారు. ఈ రెండూ సంతకం పెట్టే కాగితంలో రాసి ఉండాలి, మీ ఇంట్లోవాళ్లకూ ముందే తెలియాలి. లేచాక "మెష్ వేయలేదు" అని వింటే ఆపరేషన్ చెడిందని కాదు, మిమ్మల్ని పెద్ద ఇన్ఫెక్షన్ నుంచి కాపాడారని అర్థం.

జారినదంతా లోపలికి లాగాక, గ్యాస్ ఒత్తిడి 8కి తగ్గించి దారిని కొలుస్తారు. ఉబ్బిన పొట్టలో కొలిస్తే ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. వీలైతే దారిని కుట్లతో కొంత బిగిస్తారు, పేగు నలగకుండా చోటు వదులుతారు. తర్వాత మెష్‌ను చుట్టగా చుట్టి పెద్ద రంధ్రంలోంచి పంపి, లోపల విప్పి, పేగును పక్కకు జరిపి పైన పరుస్తారు. మెష్ నాలుగు మూలలా గోడ గుండా కుట్లు వేసి, అంచు చుట్టూ సెంటీమీటరో ఒకటిన్నరో ఎడంతో ట్యాకర్లు కొడతారు. దారి చుట్టూ ఇంకో వరస కొట్టడమూ ఉంది. పేగు దూరే చోట మెష్ బిగుసుకుంటే పేగు మడతపడి అడ్డుపడుతుంది, మరీ వదులైతే పక్కన సందు మిగులుతుంది. ఈ ఒక్క చోట సర్జన్ అనుభవం తేడా చూపిస్తుంది. ఇలాంటివి తరచుగా చేసేవారి దగ్గరికి వెళ్లమనేది అందుకే.

వార్డులో

మొదటి రెండు రోజులు భుజం పైన నొప్పి ఉండొచ్చు. అది గ్యాస్ వల్ల, నడిస్తే తగ్గుతుంది. మెష్ కుట్లున్న చోట సూది గుచ్చినట్టు నొప్పి కొన్ని వారాలు ఉండటం మామూలే. ఆ సాయంత్రమో మర్నాడో లేచి నడవాలి. లేచేటప్పుడు పక్కకు తిరిగి, కాళ్లు కిందికి దించి, మోచేయి మీద భారం వేసి కూర్చోండి. తిన్నగా లేవకండి. దగ్గు వస్తే స్టోమా మీద చిన్న దిండు అదిమి పట్టుకోండి.

స్టోమా నుంచి ముందు గాలి, తర్వాత మలం వస్తాయి. రెండు నుంచి నాలుగు రోజులు ఆలస్యమవడం పరిపాటి. గాలి వచ్చేదాకా నీళ్లు, పలచటి మజ్జిగ, జావ. తర్వాత మెత్తటి అన్నం. బ్యాగు మార్చిన ప్రతిసారీ రంగు చూడండి. స్టోమా పెదవి లోపలి భాగంలా ఎర్రగా, తడిగా ఉండాలి.

నర్సును వెంటనే పిలవాల్సినవి గుర్తుంచుకోండి. నొప్పి రోజురోజుకూ తగ్గాల్సింది పోయి రెండో మూడో రోజున పెరగడం, జ్వరం, కూర్చుని ఉన్నా నాడి 110 దాటడం, పొట్ట బిగుసుకోవడం. కనబడకుండా పోయిన పేగు గాయం ఇలాగే బయటపడుతుంది. "గ్యాస్ పట్టిందిలే" అని ఎవరైనా తోసేస్తే ఊరుకోకండి, డాక్టరు వచ్చి చూడాల్సిందే. ఇబ్బంది లేకపోతే మూడు నుంచి ఐదు రోజుల్లో ఇంటికి పంపుతారు.

ఇంటి దగ్గర

ఇంటికొచ్చాక ఎక్కువమందిని భయపెట్టేది పాత చోటే మళ్లీ ఉబ్బు కనిపించడం. హెర్నియా ఖాళీ చేసి వదిలిన సంచిలో నీరు చేరుతుంది, దాన్ని సెరోమా అంటారు. దగ్గినా అది పెద్దగా మారదు. ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఎక్కువగా దానంతట అదే ఇంకిపోతుంది. ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే తప్ప సూదితో నీరు తీయించుకోకండి. సూదితోపాటు క్రిములు నేరుగా మెష్ దగ్గరికి చేరతాయి.

స్టోమా ఆకారం మారుతుంది. పాత కొలతతో ప్లేటు కత్తిరించి పెట్టుకుంటే కారుతుంది. మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు వారానికోసారి కొలత కార్డు పెట్టి చూసి, స్టోమా కన్నా 2 నుంచి 3 మి.మీ. మాత్రమే ఎక్కువ ఉండేలా రంధ్రం కత్తిరించండి. బెల్టు ఎప్పటినుంచి, ఎంత బిగువుగా అన్నది సర్జన్‌ను అడిగి, మామూలుగా మూడు నెలలదాకా లేచి తిరిగేటప్పుడల్లా వాడండి.

ఆరు వారాలు 5 కిలోలకు మించి ఎత్తొద్దు. నిండు బిందె, బియ్యం బస్తా, గ్యాస్ సిలిండర్, చంటిపిల్లలు, అన్నీ ఇందులోకే వస్తాయి. మన ఇళ్లలో ఆడవాళ్లకు ఈ మాట పాటించడం కష్టం. ఎవరు నీళ్లు మోస్తారు, ఎవరు రుబ్బుతారు అన్నది ఆసుపత్రికి వెళ్లకముందే ఇంట్లో తేల్చి పెట్టుకోండి. నేల మీద కూర్చుని లేవడం కూడా కొన్నాళ్లు ఆపి కుర్చీ వాడండి.

కొలాస్టమీ ఉన్నవారు మలం గట్టిపడనీయకూడదు. నీళ్లు రెండు లీటర్లకు తగ్గకుండా తాగండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు డాక్టరు చెప్పినంతే. పీచు పదార్థాలు మొదటి రెండు మూడు వారాలు మెల్లగా పెంచండి. కొబ్బరి, మునక్కాయ, పనస, మొక్కజొన్న వంటి పీచు గట్టివి ఆరు వారాలదాకా వద్దు. వాపు తగ్గకముందు మెష్ దగ్గర వంపులో అవి ఇరుక్కుంటాయి. ఇలియోస్టమీ ఉన్నవారికి ఈ నిషేధం ఇంకా గట్టిగా వర్తిస్తుంది. వాళ్లు బ్యాగులో పడేది కూడా కొలవాలి. రోజుకు లీటరున్నర దాటుతుంటే మామూలు నీళ్లు ఎక్కువ తాగడం వల్ల ఉపయోగం లేదు, ఓఆర్‌ఎస్ మొదలుపెట్టి ఆసుపత్రికి ఫోన్ చేయండి.

నెలకూ, ఆరు నెలలకూ, ఏడాదికీ చూపించుకోండి. నిలబడి దగ్గినప్పుడు ఉబ్బు పెరుగుతోంటే సీటీ అడగండి, సెరోమానా హెర్నియానా అన్నది అదే తేలుస్తుంది.

డిశ్చార్జి కాగితంలో మెష్ పెట్టె మీది స్టిక్కర్ అంటించమని పట్టుబట్టండి. మెష్ రకం, సైజు, పద్ధతి పేరు స్పష్టంగా రాసి ఉండాలి. షుగర్‌బేకర్ అయితే ఆ కాగితం ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఇకపై కొలనోస్కోపీ చేసే ప్రతి డాక్టరుకూ గొట్టం పెట్టకముందే దాన్ని చూపించాలి. మీ పేగు ఇప్పుడు స్టోమా నుంచి తిన్నగా లోపలికి పోదు, గోడ వెంట పక్కకు తిరిగి పోతుంది. గొట్టాన్ని ఎటు వంచాలో వాళ్లకు తెలియాలి. పొట్టకు ఇంకే ఆపరేషన్ అవసరమైనా ఆ సర్జన్‌కూ ఇదే కాగితం ఇవ్వండి, మెష్ ఉన్న చోట కోత పెట్టకుండా చూసుకుంటారు.